పొయ్యి మీద ఆరిన నూలు

"చెప్పులు విప్పనవసరం లేదు. గుమ్మం బయటే కూర్చుని చెయ్యండి," అంది ఇబాన్రి.

డ్రోసింగ్ మామ అప్పటికే ఒక చెప్పు విప్పాడు. విప్పిన కాలు ఒక్క క్షణం అలాగే ఆగింది. తర్వాత తడి చెప్పును వెతుక్కుని మళ్లీ అందులో దూరింది. భుజాన ఉన్న పనిముట్ల సంచిని దించి, గడపకి ఇవతల, చూరునీళ్లు చిమ్మే అరుగు మీద చతికిలబడ్డాడు.

ఇబాన్రి తల్లికి తోడబుట్టినవాడు ఆయన. మేనమామ మాట లేకుండా పెళ్లి చూపులకైనా పునాది రాయికైనా కదలని మనుషులు వీళ్లు. ఈ ఒక్క ఇంట్లో మాత్రం మేనమామ పేరెత్తితే కంచాల్లో అన్నం చల్లారిపోయేది. తన అక్క, అంటే ఇబాన్రి తల్లి, పోయిన రోజున కూడా ఆయన ఈ అరుగు మీదే వానలో కూర్చుని, పాటలన్నీ అయ్యాక, శవపెట్టె వెనకాల అందరికంటే చివర నడిచాడు.

వీళ్లలో ఇల్లు చివరి కూతురిది, ఇక్కడ ఇబాన్రిది. గడప దాటమనే మాటా ఆమెదే, దాటొద్దనే మాటా ఆమెదే. ఆ రోజు ఇబాన్రి దాటమనలేదు. ఈ రోజూ అనలేదు.

"ఏది?" అన్నాడు మామ.

ఆమె లోపలినుంచి గోనెపట్టా తెచ్చి ఆయన ముందు పరిచి, దాని మీద గిటార్ని పడుకోబెట్టింది. పొయ్యి మీది అటక మీద ఏళ్ల తరబడి పొగ తాగి, ఎండుచేపల పక్కన తానూ ఒక ఎండుచేపలా నల్లబడింది. పనస చెక్కతో మొండెం, దానికి అతికీ అతకని మెడ. మెడ మీద మెట్ల కోసం కోసిన గాట్లలో మసి. పాడైన ఫ్యాను మోటారు రాగితీగని పాత రేడియో అయస్కాంతం చుట్టూ చుట్టి చేసుకున్న, తీగల మోతని పట్టే పికప్ ఒకటి, బట్టలో మూట కట్టి ఉంది.

"ఆ రోజు మీరు బా చేతిలో ఉలి లాక్కుని వానలోకి విసిరేశారు. ఆ తర్వాత దీన్ని ఎవరూ ముట్టుకోలేదు," అంది. బా అంటే ఆమె అన్న కిర్మెన్.

మామ గిటార్ని వెనక్కి తిప్పి చూశాడు.

"ఆస్పత్రిలో పొట్టలో నీళ్లు తీసి, ఇంక తీసుకురావద్దని చెప్పి పంపేశారు. చేతులు వాచిపోయాయి. చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. ఆ చెవులు వినగలుగుతుండగానే ఇది మోగాలి. మిమ్మల్ని పిలిపించింది అందుకే. ఇంకో కారణం వెతుక్కోకండి."

"వెతుక్కోను," అన్నాడు మామ.

లోపలి గదిలోంచి కిర్మెన్ గొంతు, తడిసిన డోలు మీది దెబ్బలా, మందంగా వచ్చింది. "ఎవరే హెప్?"

చెల్లెలిని వాడు చిన్నప్పటినుంచి అలాగే పిలుస్తాడు. ఇబాన్రి జవాబు చెప్పేలోగా ఆమె భర్త వాన్లాం అందుకున్నాడు. "వడ్రంగి వచ్చాడు బా!"

"వచ్చాడా? కొలత తీసుకుంటాడేమో కనుక్కో. పొట్ట చూసి పెట్టె వెడల్పుగా చెయ్యొద్దను. పోయాక తగ్గుతుందిట."

వాన్లాం నవ్వబోయి, భార్య ముఖం చూసి, ఆ నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

---

టాక్సీ నడుపుకునే వాన్లాంకి మనసులో ఏదీ దాగదు. గుమ్మానికి ఎవరైనా వస్తే వక్కాకు పళ్లెం ముందుకు జరపడం వాడి చేతికి అలవాటు. ఆ అలవాటు కొద్దీ, తడి వక్కా, సున్నం రాసిన ఆకూ ఉన్న పళ్లెం పట్టుకుని అరుగు మీదకి నడిచాడు.

ఇబాన్రి మధ్యలోనే పళ్లెం అందుకుని, లోపలికి తీసుకుపోయి, మూత పెట్టింది.

మామ చూశాడు. వక్కాకు ఇవ్వని ఇంట్లో తానెవరో ఎవరూ విడమరిచి చెప్పనవసరం లేదు. కోటు జేబులోంచి తన చిన్న డబ్బా తీసి, తన వక్క తానే కొరికి, తన ఆకు తానే నమిలాడు.

"మామా, మా ఆవిడ..." అన్నాడు వాన్లాం గొంతు తగ్గించి.

"ఇల్లు ఆమెది. నువ్వూ నేనూ ఇద్దరం మగవాళ్లం. ఆ ఉలి ఇలా అందుకో."

మధ్యాహ్నమంతా చిత్రిక చప్పుడే. రేకుల కప్పు మీద వాన ఒక తాళం వేస్తే, చెక్క మీద ఇనుము ఇంకో తాళం వేసింది. నల్లటి మసి పొరలు పొరలుగా లేచి, కింద పసుపు కనిపించసాగింది. ఇన్నేళ్ల పొగ కింద పనస చెక్క తన రంగు పోగొట్టుకోలేదు.

ఇబాన్రి పొయ్యి దగ్గర కూర్చుని బియ్యం ఏరుతున్నట్టు నటించింది. ఏరడానికి అందులో రాళ్లు లేవు.

మెడ చివర, బిరడాలకి కాస్త కింద, తీగలు ఆనడానికి అమర్చిన ఎముక ముక్క ఒకటుంది. మామ దాన్ని తుడవబోయి ఆగాడు. బొటనవేలితో ఒకసారి రుద్దాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ముఖం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. మళ్లీ రుద్దాడు.

"ఏమైంది? పగిలిందా?" అంది లోపలినుంచి ఇబాన్రి.

"లేదు. బాగానే ఉంది."

"బాగుంటే అంతసేపు చూడ్డం దేనికి?"

"ముసలి కళ్లమ్మా. ఏదైనా కాస్త ఎక్కువసేపే చూడాలి."

ఆమెకి ఆ మాట నచ్చలేదు. అసలు ఆయన నోటినుంచి వచ్చే ఏ మాటా నచ్చకూడదని ఆమె చాలా ఏళ్ల కిందటే తీర్మానించుకుంది.

---

మర్నాడు మెట్లు దిగగొట్టే పని. ఒక్కో ఇత్తడి ముక్కనీ ఒక్కో గాటులో పెట్టి, పైన చెక్క ముక్క ఉంచి, సుత్తితో మెల్లగా కొడుతున్నాడు మామ. ఇబాన్రి ఇక ఊరుకోలేకపోయింది.

"ఇంత సుతారంగా కొట్టగలిగిన చేతులేనా అవి? ఆ రోజు ఉలి వెదురు పొదల్లో పడింది. మర్నాడు నేనే వెతికి తెచ్చాను. బా దాని వైపు చూడను కూడా చూడలేదు. వారం తిరక్కుండా రాళ్ల క్వారీ లారీ ఎక్కాడు. లారీ దిగాక సారా దుకాణం. పుట్టెడు విద్య ఉన్నవాణ్ని మీరు ఒక్క పూటలో చంపారు. ఇప్పుడు పోతున్నది మిగిలిన సగమే."

సుత్తి దెబ్బ తప్పలేదు.

"మాట్లాడరేం?"

"మీ అమ్మమ్మ మంచం తలపలక కోశాడు వాడు, ఇబాన్. ఇదిగో, ఈ చెక్క అదే. అడక్కుండా కోశాడు."

"అమ్మమ్మ పోయి అప్పటికి ఎంత కాలమైందని! ఆ మంచం మీద ఎవరు పడుకుంటున్నారని?"

"నేను."

ఇబాన్రి చేతిలో చేట ఆగింది.

"మీ అత్త ఇంట్లో నేను అల్లుణ్ని," అన్నాడు మామ, తల ఎత్తకుండానే. "పిల్లలు వాళ్ల వంశం, ఇల్లు వాళ్ల వంశం. నాకంటూ ఉన్న ఇల్లు ఇదే. ఇందులో నాదంటూ ఉన్నది ఆ మంచమే. పండక్కో పనికో వచ్చినప్పుడు దాని మీద నడుం వాల్చేవాణ్ని. ఆ రోజు వచ్చేసరికి మంచానికి తల లేదు. కోపం వచ్చింది. ఉలి విసిరాను. అంతకంటే ఏమీ లేదు."

"అంతకంటే ఏమీ లేదా?"

"నా వైపు లేదు," అన్నాడు.

ఆ మాటలో ఏదో మెలిక ఉందనిపించింది ఇబాన్రికి. అడిగే లోపు లోపల కిర్మెన్ వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించి పరుగెత్తింది.

---

తీగలు వాన్లాం తెచ్చాడు. చర్చి పాటల బృందంలో గిటార్ వాయించేది తనే కనుక, వాళ్ల చిన్న యాంప్లిఫయర్ పెట్టెని కూడా టాక్సీ డిక్కీలో పెట్టుకుని వచ్చాడు.

"పాస్టరు గారు అడిగితే ఏం చెప్పావు?" అంది ఇబాన్రి.

"బాగుచేయించడానికి అన్నాను."

"బాగానే ఉందిగా!"

"తిరిగి ఇచ్చేటప్పటికి బాగానే ఉంటుంది. అబద్ధం ఎక్కడుంది?"

ఎన్నాళ్లకో ఆమె పెదవి చివర కదిలింది.

తీగలు ఎక్కాయి. బిరడాలు తిరిగాయి. పెట్టెలో ఎర్ర దీపం వెలిగి, గుర్రుమని ఒక మూలుగు బయలుదేరింది. ఫ్యాను మోటారు తీగ, రేడియో అయస్కాంతం, రెండూ ఇన్నేళ్ల నిద్ర లేచి ఊపిరి తీస్తున్నట్టు. వాన్లాం ఒక్కో ఖాళీ తీగనీ మీటి శ్రుతి చేశాడు. ఆరింటినీ ఒక్కసారిగా మీటాడు.

ఇల్లు నిండిపోయింది.

ఇబాన్రి గోడకి ఆనుకుంది. కళ్లు మూసుకుంది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. అన్న లేచి కూర్చునే ప్రయత్నం చేస్తున్నాడని ఆ చప్పుడే చెప్పింది.

"వాయించు," అంది. "ఏదైనా పాట."

వాన్లాం వేళ్లు మెట్ల మీదికి వెళ్లాయి. మొదటి మెట్టు దగ్గర ఫరవాలేదనిపించింది. మూడో మెట్టు దగ్గర వాడి కనుబొమలు ముడిపడ్డాయి. పైకి పోయినకొద్దీ స్వరం అందుకోవలసిన చోటుని అందుకోలేక కిందనే వేలాడింది. ఖాళీ తీగా, నొక్కిన తీగా ఒకే ఇంట్లో మాటల్లేని ఇద్దరు మనుషుల్లా ఒకదాన్నొకటి కాదన్నాయి. వాన్లాం బిరడాలు తిప్పాడు. ఒక చోట కుదిరితే ఇంకో చోట చెడింది.

లోపల కిర్మెన్ నవ్వాడు. పొడి నవ్వు.

"తిప్పకురా వాన్లాం. తీగ తెగుతుంది. బిరడాలది కాదు తప్పు."

వాన్లాం మామ వైపు చూశాడు. "మెట్లు మీరు మార్చలేదుగా మామా?"

"గాట్లు వాడివే. నేను ఇత్తడి దిగగొట్టాను, అంతే."

వాన్లాం ఒక పుల్ల తీసుకున్నాడు. తల దగ్గరి ఎముకనుంచి పన్నెండో మెట్టు వరకూ కొలిచాడు. అదే పుల్లని ఆ మెట్టునుంచి, తీగలు కిందివైపు ఆనే ఇనుప బ్రిడ్జి వరకూ పెట్టాడు. పన్నెండో మెట్టు తీగకి సరిగ్గా నడిమధ్యన ఉండాలి. లేదు. బ్రిడ్జి రెండు వేళ్ల మందం అవతలికి ఉంది.

"ఇదేం లెక్క? దేన్ని చూసి కొలిచాడో!"

"చర్చి గిటార్ని చూసి," అంది ఇబాన్రి. ఆమెకి ఆ రోజు గుర్తుంది. "బయటికి ఇవ్వం అన్నారు. అందుకని అక్కడే కొలిచాడు. తీగ పొడవుకి వెదురు పుల్ల కోసుకున్నాడు. మెట్లు మాత్రం పుల్ల మీద గీస్తే కనిపించవని నూలు అడిగాడు. నా అల్లిక నూలే ఇచ్చాను. ఒక్కో మెట్టు దగ్గరా ఒక్కో ముడి వేశాడు."

"తర్వాత?" అన్నాడు వాన్లాం.

"తర్వాత ఏముంది, ఇంటికి వచ్చాం. కుండపోత. పుల్ల బా చేతిలో ఉంది, నూలు నా గుప్పిట్లో ఉంది. అంతా తడిసిపోయింది. పాడైపోతుందేమోనని నేనే దాన్ని..."

ఆగిపోయింది.

"దాన్ని?"

ఆమె తల తిప్పి పొయ్యి మీది అటకని చూసింది. ఎండుచేపలు వేలాడదీసే మేకు అక్కడే ఉంది.

"పొయ్యి మీద ఆరేశాను," అంది.

కొత్త నూలు తడిసి, మంట సెగకి ఆరితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. అల్లికలు అమ్ముకుని బతికే మనిషి. తడిపి ఆరబెట్టనిదే నూలు సూదికి ఎక్కించదు ఇప్పుడు. అప్పుడు జడలు వేసుకునే పిల్ల. అన్న పని పాడవకూడదని మునివేళ్ల మీద నిలబడి, ముడులు జారకుండా, ఎంతో జాగ్రత్తగా ఆరేసింది.

పుల్ల పొడవు పుల్లకే ఉంది. నూలు కుదించుకుపోయింది. బ్రిడ్జి పుల్ల మాట విన్నది, మెట్లు నూలు మాట విన్నాయి.

పెట్టె గుర్రుమంటూనే ఉంది. వాన్లాం వంగి దాని మీట నొక్కి ఆర్పేశాడు.

"అయినా బా కి ఈ సంగతి తెలియదు కదా," అంది ఇబాన్రి తనకి తానే చెప్పుకుంటున్నట్టు. "తీగలు కట్టకుండానే ఆగిపోయింది కదా."

మామ గబుక్కున గిటార్ మీదికి వంగి, తలభాగాన్ని చేత్తో కప్పాడు. కప్పకపోయి ఉంటే ఆమె చూసేది కాదు.

"చెయ్యి తియ్యండి."

"ఇబాన్..."

"చెయ్యి తీ మామా."

ఎముక ముక్క మీద ఆరు గాట్లు. కొత్తవి కావు. తీగలు బిగిసి, సాగి, శ్రుతి కోసం మళ్లీ మళ్లీ అటూ ఇటూ జరిగి కోసిన గాట్లు. వాటి అడుగున, మొన్నటిదాకా చెక్కంతా పట్టిన మసే పట్టి ఉంది.

"నువ్వు కోసినవా?"

"కాదు."

"ఎప్పుడు చూశావు?"

"వచ్చిన రోజే."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

మామ కళ్లద్దాలు తీసి, కోటు అంచుతో చాలాసేపు తుడిచాడు. "చెప్తే నీ కోపం ఎటు పోతుంది తల్లీ? లోపలికేగా. మంచం మీద ఉన్న వాడి మీదికి. నా మీద ఉంటే అలవాటైన చోటే ఉంటుందని ఊరుకున్నాను."

---

గదిలో కిర్మెన్ గోడ వైపు తిరిగి ఉన్నాడు. ముఖం పసుపు, కళ్లు పసుపు. దుప్పటి కింద పొట్ట ఒక చిన్న కొండలా ఉంది.

"తీగలు కట్టావు," అంది ఇబాన్రి.

"కట్టాను. ఒక్క సాయంత్రం. మీరంతా ప్రార్థనకి వెళ్లినప్పుడు. మామ ఉలి విసరడానికి ముందు రోజు."

"శ్రుతి కలవలేదు."

"చచ్చినా కలవలేదు."

"నూలు సంగతి..."

"తీగలూ ఇత్తడి మెట్లూ పీకేశాక నూలు తీసి పుల్ల పక్కన పెట్టి చూశాను. అప్పుడు తెలిసింది."

"నాకు చెప్పలేదేం బా?"

"నువ్వు ఏడ్చేదానివి. మర్నాడు మామ వచ్చి కేకలేశాడు. హమ్మయ్య, నెపం ఆయన మీదికి పోయింది అనుకున్నాను. ఆయన ఏడవడుగా."

"చిన్నపిల్లనని ఊరుకున్నావు సరే. తర్వాత? అమ్మ పోయిన రోజున ఆయన్ని వానలో కూర్చోబెట్టినప్పుడు? నా పక్కనే ఉన్నావు కదా!"

కిర్మెన్ దుప్పటి అంచుని పొట్ట మీదికి లాక్కున్నాడు.

"అప్పటికి నాకే నమ్మకం కుదిరిపోయింది హెప్. మామ వల్లేనని. అందరూ అంటుంటే, రోజూ వింటుంటే. తాగినప్పుడైతే ఇంకా గట్టిగా కుదిరేది."

ఆమెకి వాడిని కొట్టాలనిపించింది. కొట్టడానికి చోటు కనిపించలేదు.

"బ్రిడ్జి రెండు వేళ్లు ముందుకి జరిపితే సరిపోయేదిట," అంది. "ఇప్పుడే వాన్లాం చెప్పాడు. రెండంటే రెండు వేళ్లు."

కిర్మెన్ ఇటు తిరిగాడు. వాచిన కళ్లు ఆమె ముఖం మీద నిలిచాయి.

"అంతేనా?" అన్నాడు.

"అంతే."

"నాకు తట్టలేదే! శ్రుతి కలవకపోతే, నాకు చేతకాదు అనుకున్నాను. చెవి లేదు అనుకున్నాను. అదొక్కటే అనుకుని..." చెయ్యి కొంచెం ఎత్తి, గదినీ దుప్పటినీ చూపించి, వదిలేశాడు. "అంతేనా హెప్?"

ఆమె వాడి పక్కన నేల మీద కూర్చుంది. రేకుల మీద వాన తెరిపి లేకుండా కురిసింది.

"జరపాలంటే పికప్ గుంట అడ్డం వస్తుంది," అంది. "ఆ ముక్కంతా కోసి, వేరే చెక్క అతికించాలిట. ఈ వానలో జిగురు ఆరడానికి వారమైనా పడుతుందంటున్నాడు మామ. అలా కాదంటే, ఉన్నదున్నట్టు ఇప్పుడే తెస్తాను. ఖాళీ తీగలు బాగానే మోగుతున్నాయి. విన్నావుగా."

"విన్నాను. బాగా మోగాయి."

"తెమ్మంటావా?"

"వారమా?" అన్నాడు కిర్మెన్. ఆ మాటని నోట్లో వేసుకుని చప్పరిస్తున్నట్టు అన్నాడు. "వారం అంటే వచ్చే ఆదివారం దాటుతుంది."

"దాటుతుంది."

"కోయమను. వారం పాటు ఎదురుచూడ్డానికి ఒకటుంటుంది. చాలా కాలమైంది నేను దేనికోసమైనా ఎదురుచూసి."

---

"లోపలికి రా మామా. పొయ్యి పక్కన పొడిగా ఉంటుంది," అంది ఇబాన్రి గుమ్మంలో నిలబడి.

"పొట్టు పడుతుందమ్మా. ఇక్కడే నయం," అన్నాడు ఆయన. అందులో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఆమెకి ఇంకా ఎక్కువగా తగిలింది. గడప మీద తనే కూర్చుంది.

మామ గిటార్ని మోకాళ్ల మధ్య బిగించి, రంపం అంచు గీత మీద ఆనించి, ఆమె వైపు చూశాడు. "కోశాక మళ్లీ అతికేదాకా అసలు మోగదు. ఖాళీ తీగలు కూడా. ఆలోచించుకో. వాడికి వారం..."

"కోయమన్నాడు."

"నువ్వేమంటావు? ఇల్లు నీది."

ఆమె గోనెపట్టాని ఆయన వైపుకి జరిపింది. మామ దాన్నే మాటగా తీసుకున్నాడు.

రంపం చెక్కలోకి దిగింది. పసుపు పొట్టు తడి అరుగు మీద రాలి, నీళ్లలో కదిలి, చూరు కిందికి జారిపోయింది. వాన్లాం గ్లాసులో గంజి పట్టుకుని ఆమెని దాటుకుంటూ గదిలోకి వెళ్లాడు. "బా, లేవండి, రెండు గుక్కలు తాగండి," అనడం వినిపించింది. "బా" అని మళ్లీ ఒకసారి వినిపించింది.

రంపం ముందుకి వెళ్లింది, వెనక్కి వచ్చింది.

వాన్లాం గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గంజి గ్లాసు నిండుగానే ఉంది. చర్చిలో ప్రార్థనప్పటిలా తల వంచుకున్నాడు.

"ఇబాన్. ఒకసారి ఇలా రా."

మామ చేతిలో రంపం ఆగింది. సగం తెగిన చెక్కలో ఇరుక్కుని, అలాగే నిలబడిపోయింది.

ఇబాన్రి వెనక్కి తిరగలేదు. రెండు చేతులతోనూ గడపని పట్టుకుంది.

"నువ్వు కొయ్యి మామా," అంది.